తెల్ల చుక్క చెప్పిన అబద్ధం

అధ్యక్షస్థానంలో ఉన్న మేనేజరుగారికి, నా గురించి ఇంతసేపు మంచిమాటలు చెప్పి నాకు చెమటలు పట్టించిన లేత్ మాస్టారికి, నూనె మరకల బట్టలు వదిలేసి ఇస్త్రీ చొక్కాల్లో వచ్చి ఎవరు ఎవరో తెలియకుండా చేసిన నా తోటి మెకానిక్కులకు, వాళ్ళ ఇళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళకు, పిల్లలకు, మన షెడ్డుకు ఇరవయ్యేళ్ళ పాత చుట్టమైన పాటల మాస్టారికి, ముందు వరుసలో కూర్చుని 'తొందరగా ముగించండి' అని అప్పుడే కళ్ళతో చెబుతున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం.

ముప్పై నాలుగేళ్ళుగా నేను ఈ షెడ్డులో ఇంజన్ల కింద పడుకుని మాట్లాడినవాణ్ణి. ఇలా నిలబడి, మైకు పట్టుకుని, మీ మొహాలు చూస్తూ మాట్లాడటం నాకు కొత్త. కింద పడుకుని ఉంటే మీ చెప్పులు చూసి ఎవరో చెప్పేసేవాణ్ణి. ఇవాళ చెప్పులు కూడా కొత్తవి వేసుకొచ్చారు. (నవ్వులు)

మీరిచ్చిన గోడ గడియారం బాగుంది. రేపటి నుంచి పనికి వెళ్ళక్కర్లేనివాడికి గడియారం ఎందుకో నాకు అర్థం కాలేదు గానీ, ఇంకో పావుగంటలో దాంతో నాకు అవసరం పడుతుంది, దగ్గర్లోనే ఉంచండి. నా వెనక లిఫ్టు మీద ఉన్న ఆ నీలం కారుని సభ కోసమైనా ఎందుకు తీయలేదని పొద్దున్న మేనేజరుగారు అడిగారు. నేనే ఉంచమన్నాను. అది పాటల మాస్టారి కారు. దాని సంగతీ చెబుతాను.

లేత్ మాస్టారు ఇందాక ఒక మాట అన్నారు. ఈ ముప్పై నాలుగేళ్ళలో నా చెయ్యి పడ్డ టైమింగ్ బెల్టు ఒక్కటి కూడా తప్పు పోలేదని. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను రాసుకొచ్చిన కాగితంలో ధన్యవాదాలు, జ్ఞాపకాలు, పిల్లలకి రెండు సలహాలు, అన్నీ ఉన్నాయి. ఆ మాట విన్నాక కాగితం మడిచి జేబులో పెట్టేశాను. ఎందుకో చెప్పేముందు, ఇంజన్ గురించి తెలియని వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. మెకానిక్కులు ఓపిక పట్టండి, మీ పెళ్ళాల కోసం, మీ మొగుళ్ళ కోసం.

ఇంజన్లో కింద ఒక పళ్ళ చక్రం, పైన ఒక పళ్ళ చక్రం ఉంటాయి. కింద చక్రం తిరిగితే లోపల పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. పై చక్రం తిరిగితే గాలీ పెట్రోలూ వచ్చే తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి. ఈ రెండూ కలిసికట్టుగా తిరగాలి. ఆ రెంటినీ కలిపేదే పళ్ళున్న ఒక రబ్బరు పట్టీ, టైమింగ్ బెల్టు. అది పాతబడితే మార్చాలి. మార్చేటప్పుడు ఒక్క పన్ను అటో ఇటో అయినా ఇంజన్ మొరాయిస్తుంది. తప్పు పోకూడదని, తయారుచేసిన వాళ్ళే చక్రాల మీదా, వాటి పక్కనున్న ఇనుము మీదా సన్నటి గీతలు పెడతారు. గీతకి గీత కలిస్తే బెల్టు సరిగ్గా పడ్డట్టు.

అయితే ఆ గీతలు జిడ్డు కింద దాక్కుని ఎవరికీ కనబడి చావవు. అందుకని నేను వచ్చిన కొత్తలో ఒక అలవాటు చేశాను. బెల్టు వేశాక, చిన్న కుంచెతో పై చక్రం మీద ఒకటి, దాని పక్కనున్న ఇనుము మీద ఒకటి తెల్ల రంగు చుక్కలు పెట్టేవాణ్ణి. మళ్ళీ ఎవరు విప్పినా చుక్కకి చుక్క కలిపి బిగించుకుంటే చాలు. క్రమంగా అది మన షెడ్డు చట్టం అయిపోయింది. "మేస్త్రీగారి చుక్క ఉందా? కళ్ళు మూసుకుని బిగించెయ్" అనేవాళ్ళు. వేరే షెడ్ల వాళ్ళు కూడా బండి విప్పి, తెల్ల చుక్క కనబడితే అమ్మయ్య అనుకునేవారట. ఆ మాట విన్న రోజు నేను ఇంటికి నడుచుకుంటూ వెళ్ళలేదు, గాల్లో వెళ్ళాను. మా ఆవిడ సాక్ష్యం.

అలవాటంటే గుర్తొచ్చింది, నాకింకో సూత్రం కూడా ఉంది. బెల్టు మార్చాక బండి మొరాయిస్తే, లోకంలో ఉన్న రోగాలన్నీ ఊహించుకోకండి. చివర ముట్టుకున్నదాన్ని ముందు చూడండి. ఒకసారి కొత్త బెల్టు వేసిన బండి ఎంతకీ స్టార్టవకపోతే నలుగురం కలిసి మధ్యాహ్నం దాకా విప్పి బిగించి, బిగించి విప్పి, చివరికి చూస్తే బ్యాటరీ తీగ తగిలించలేదు. తీసింది ఎవరో ఆయన ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను, ఆయన భార్య పక్కనే కూర్చుంది. (నవ్వులు) ఇంట్లో కళ్ళజోడు కనబడక నేను వెతుక్కుంటుంటే మా ఆవిడ కూడా ఇదే సూత్రం నా మీద ప్రయోగిస్తుంది. "చివర ముట్టుకున్నదెక్కడో ముందు చూడండి" అంటుంది. ప్రతిసారీ దొరుకుతుంది. అదే నా కోపం.

సరే, అసలు సంగతికి వస్తాను.

పోయిన వారం మేనేజరుగారు నన్ను గదిలోకి పిలిచి, మీ తర్వాత ఫోర్‌మన్‌గా ఎవర్ని వెయ్యమంటారు అని అడిగారు. నేను టార్చి పేరు చెప్పాను. కొత్తవాళ్ళకి చెబుతున్నాను, టార్చి అంటే మూడో వరుసలో, స్తంభం పక్కన చేతులు కట్టుకుని కూర్చున్న మా మెకానిక్కు. ఇంజన్ లోపలికి చూడాల్సి వస్తే టార్చిలైటు నోట్లో కరిచి పట్టుకుని రెండు చేతులా పని చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పేరు పెట్టింది నేనే. మేనేజరుగారు బీరువా తీసి, ఆమె ఫైలు తీసి, అందులోంచి పదకొండేళ్ళ నాటి జాబ్ కార్డు ఒకటి నా ముందు పెట్టారు. "బెల్టు ఒక పన్ను తప్పుగా వేసింది. ఇకపై ఇంజన్ పని అప్పగించరాదు" అని ఉంది. కింద నా సంతకం. "మీరు రాసిందే కదండీ. ఇలాంటి కార్డు ఉన్న మనిషిని ఫోర్‌మన్‌గా ఎలా వేస్తాం?" అన్నారు ఆయన. న్యాయమైన ప్రశ్న. దానికి నా దగ్గర జవాబుంది. కానీ "కాస్త ఆలోచించండి" అని చెప్పి బయటికి వచ్చేశాను. నా ప్రసంగం అయ్యాక కొత్త ఫోర్‌మన్ పేరు చదువుతారు. కాబట్టి ఆ జవాబు ఇప్పుడే చెప్పాలి, ఇక్కడే.

పదకొండేళ్ళ క్రితం ఆ నీలం కారు బెల్టు మార్పుకి వచ్చింది. దానికి ఆరేళ్ళ ముందు బెల్టు వేసింది నేను. చుక్కలు పెట్టిందీ నేనే. ఈసారి పని టార్చికి ఇచ్చాను. ఆమె విప్పి, జిడ్డు తుడిచి, నా దగ్గరికి వచ్చి, "మేస్త్రీగారూ, మీ చుక్కకీ లోపలి గీతకీ ఒక పన్ను తేడా ఉందండీ. దేన్నిబట్టి వెయ్యమంటారు?" అని అడిగింది. నేను టీ తాగుతున్నాను. "గీత అరిగిపోయి ఉంటుందమ్మాయ్. చుక్క చూసి వెయ్యి" అన్నాను.

మెకానిక్కులు నవ్వడం లేదు, గమనించారా? ఎందుకంటే ఇనుములో పోతపోసిన గీత అరగదు. రంగు చుక్క అరుగుతుంది. ఆ ముక్క నాకు తెలియదా? తెలుసు. నా చుక్క తప్పయ్యే అవకాశం ఒకటి ఉంటుందన్న ఊహే నాకు రాలేదు.

ఆమె గీతనిబట్టి వేసింది. తాళం తిప్పితే ఇంజన్ వెనక్కి తన్నింది. రెండోసారికి అంటుకుంది గానీ, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు. పాటల మాస్టారు చెవులు మూసుకున్నారు. షెడ్డంతా పోగైంది. నేను గ్లాసు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ, పెళ్ళికొడుకులా నడుచుకుంటూ వెళ్ళి మూత తీసి చూశాను. చుక్కకి చుక్క కలవలేదు. బెల్టుని ఒక పన్ను వెనక్కి జరిపి, చుక్కలు కలిపి, తాళం తిప్పాను. ఇంజన్ పిల్లిలా గురక పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లతో ఒక చిక్కుందండీ. అవి మోగుతున్నంతసేపూ ఇంకో ప్రశ్న వినబడదు. ఆ చప్పట్ల మధ్యలో టార్చి ఒక మాట అంది. "మేస్త్రీగారూ, ఒక్కసారి డిస్ట్రిబ్యూటర్ చూద్దామండీ. పది నిమిషాలు ఇవ్వండి నాకు." నేను అందరికీ వినబడేలా, "అది నా చేత్తో బిగించింది. బెల్టు పళ్ళు లెక్కపెట్టడం రానివాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు" అన్నాను. నవ్వారు. కార్డు రాశాను. మర్నాటి నుంచి ఆమెని బ్రేకుల పనికి పంపాను. ఇవాళ్టిదాకా ఆమె అక్కడే ఉంది.

మంచినీళ్ళు ఇవ్వండి ఎవరైనా.

ఆ కారు ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. నీళ్ళ పంపు కారుతోందని. ఆ పంపు బెల్టు వెనకే ఉంటుంది కాబట్టి బెల్టు విప్పక తప్పదు. ఆ రోజు షెడ్డుకి సెలవు, నేనొక్కణ్ణే ఉన్నాను. మీకు నా గుణం తెలుసు, ఎవరూ లేనప్పుడు ఇంజన్లతో మాట్లాడతాను. ఏమే, ఆ రోజు ఎందుకు తన్నావు, గీతలు కలిపితే తన్ని, చుక్కలు కలిపితే ఊరుకున్నావు, గీత అరగదు కదా, మరి ఎవరు అబద్ధం చెబుతున్నారు అని అడిగాను. ఎనిమిది నెలలుగా ఆ ప్రశ్న పంటిలో ఇరుక్కున్న పీచులా నన్ను వదల్లేదు. ఒకటో స్పార్క్ ప్లగ్గు తీసి ఆ కన్నంలోంచి సన్నటి కడ్డీ ఒకటి పిస్టన్ మీద నిలబెట్టాను. స్పానర్‌తో చేత్తో మెల్లగా తిప్పాను. కడ్డీ లేచింది, లేచింది, ఆగింది, దిగబోయింది. పిస్టన్ కొస అది. అక్కడ ఆపి చూస్తే, కింద చక్రం గీత సరిగ్గా తన చోట ఉంది. గీత అబద్ధం చెప్పడం లేదు. తలెత్తి పై చక్రం చూశాను. నా రెండు తెల్ల చుక్కలు చక్కగా కలిసి ఉన్నాయి. గీతలు మాత్రం ఒక పన్ను దూరంలో ఉన్నాయి.

మూడుసార్లు తిప్పాను. మూడుసార్లూ అదే.

మరి సరిగ్గా వేస్తే ఎందుకు తన్నింది, తప్పుగా వేస్తే ఎందుకు నోరు మూసుకుంది? ఆ గడియారం ఇలా ఇవ్వండి. చూడండి, మీ ఇంట్లో ఈ గడియారం పది నిమిషాలు వెనకబడిందనుకోండి. దాన్ని సరిచెయ్యకుండా, ఇంట్లోవాళ్ళందర్నీ గడియారం చెప్పే టైముకి పది నిమిషాల ముందే బయల్దేరమన్నారు. అందరూ బస్సు అందుకుంటున్నారు, సంసారం సాగిపోతోంది. ఒకరోజు బుద్ధిమంతురాలు ఒకావిడ వచ్చి గడియారం సరిచేసింది. కానీ ఇంట్లోవాళ్ళు పాత అలవాటు ప్రకారం పది నిమిషాల ముందే వెళ్ళి బస్సు రాక అక్కడ తన్నుకుంటున్నారు. తప్పు గడియారం సరిచేసిన మనిషిదా?

డిస్ట్రిబ్యూటర్ అంటే ఇంజన్‌కి నిప్పురవ్వ పంచేది. అది కూడా ఆ బెల్టు మీదే ఆధారపడి తిరుగుతుంది. ఆరేళ్ళ ముందు నేను బెల్టు ఒక పన్ను వెనక వేశాను. రవ్వ ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని అడగకుండా డిస్ట్రిబ్యూటర్ని కాస్త ముందుకి తిప్పి బిగించేశాను. తప్పు మీద ఇంకో తప్పు సరిగ్గా అతికింది. టార్చి ఒకదాన్ని సరిచేసింది. రెండోదాన్ని సరిచెయ్యడానికి పది నిమిషాలు అడిగింది. నేను ఇవ్వలేదు.

ఆ మొదటి తప్పు ఎలా జరిగిందో కూడా చెబుతాను. లేత్ మాస్టారూ, మీకు గుర్తుందా, యాభై నిమిషాల్లో బెల్టు మారుస్తానని మీతో పందెం కాశాను, ఓడినవాడు గెలిచినవాడి టీ గ్లాసు వారం రోజులు కడగాలని? ఆ కారే ఇది. బెల్టు వేశాక చేత్తో రెండు చుట్లు తిప్పి, గీతలు మళ్ళీ కలుస్తున్నాయో లేదో చూసి, అప్పుడు చుక్క పెట్టాలి. బెల్టు బిగిసేటప్పుడు పై చక్రం ఒక పన్ను జారింది. బెల్టు బిగిసేటప్పుడు పై చక్రం ఒక పన్ను జారింది. నలభై ఎనిమిది నిమిషాల్లో లేచి నిలబడ్డాను. ఆ రెండు చుట్లకి పట్టేది ఒక్క నిమిషం. రేపటి నుంచి వారం రోజులు మీ గ్లాసు నేను వచ్చి కడుగుతాను. (నవ్వులు)

నిజం చెప్పాలంటే, ఆ సెలవు రోజు, ఖాళీ షెడ్డులో, నాకు మొదట సిగ్గు వెయ్యలేదు. సంతోషం వేసింది. ఎనిమిది నెలల చిక్కుముడి విడిపోయిందని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. చేతులు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది, ఆ ముడిలో ఒక మనిషి ఇరుక్కుని ఉందని.

బెల్టు సరిచేశాను. డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తిప్పాను. పాత చుక్క గీకేసి కొత్త చుక్క పెట్టాను. మర్నాడు పాటల మాస్టారు బండి తీసుకుని అలా ఒక చుట్టు తిరిగొచ్చి, "మేస్త్రీగారూ, దీని గొంతు మారిందేమిటండీ? ఇన్నేళ్ళుగా ఎత్తు ఎక్కాలంటే రొప్పేది. దాని తత్వమే అంత అనుకున్నాను. ఇవాళ పాడుకుంటూ ఎక్కింది" అన్నారు. నేను, "నీళ్ళ పంపు మార్చానండీ" అన్నాను.

నీళ్ళ పంపుకీ ఎత్తు ఎక్కడానికీ ఏమిటండీ సంబంధం? మాస్టారికి తెలియదు. కానీ రెండు బళ్ళ అవతల బ్రేకులు విప్పుతున్న మనిషి తలెత్తి నావైపు చూసింది. చూసి, మళ్ళీ తల దించుకుని పని చేసుకుంది. ఆ మర్నాడు పొద్దున్న "నమస్కారం మేస్త్రీగారూ" అంది, ఎప్పట్లాగే. పదేళ్ళకి పైగా రోజూ అంటోంది, ఎప్పట్లాగే. ఆ 'ఎప్పట్లాగే' ఉంది చూశారూ, అదే నాకు అర్థం కాలేదు. ఇంజన్ చప్పుడు వింటే లోపలేముందో చెప్పగలను. ఆ నమస్కారం వెనక ఏముందో కనిపెట్టలేకపోయాను, అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

పోయిన వారం మేనేజరుగారి గదిలోంచి ఇంటికెళ్ళి మా ఆవిడకి అంతా చెప్పాను. ఆమె విని, "ఇదంతా నాకెందుకు చెబుతున్నారండీ? పదకొండేళ్ళు బ్రేకుల దగ్గర కూర్చుంది నేనా?" అంది. మళ్ళీ తనే, "నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి" అంది. అందుకే ఇవాళ మీ అందరి సమయం తింటున్నాను.

టార్చీ, ఒక్కటి అడుగుతానమ్మా. నీకు తెలుసా?

(మూడో వరుస నుంచి: "పంపు మార్చానన్నారు చూడండి, ఆ రోజే తెలిసింది మేస్త్రీగారూ.")

మరి ఎందుకు చెప్పలేదు?

("మీరే చెబుతారని చూశాను.")



పదేళ్ళకి పైగా చూడనిచ్చాను. తప్పయింది తల్లీ. క్షమించమని అడగను, అది అడిగితే నువ్వు ఇందరిలో సరేననాల్సి వస్తుంది. అది కూడా నా సుఖం కోసమే అవుతుంది.

మేనేజరుగారూ, ఆ కార్డు ఇలా ఇవ్వండి. (కార్డు అందుకుని) చింపను. చింపితే తప్పు నాదని రాసుండదు. ఇక్కడ, నా సంతకం కింద, "పై విషయం అబద్ధం. బెల్టు తప్పుగా వేసింది నేను. సరిచేసింది ఈమె" అని రాస్తున్నాను. ఇవాళ్టి తేదీ వేశాను. దీన్ని మళ్ళీ అదే ఫైలులో పెట్టండి. ఫోర్‌మన్‌గా ఎవర్ని వేస్తారన్నది మీ ఇష్టం, మీ అధికారం. సరైన కాగితం చూసి వెయ్యండి, అంతే.

తెల్ల రంగు సీసా నా బల్ల సొరుగులో ఉంది. చుక్కలు పెట్టుకోండి, మంచి అలవాటే. కానీ రెండు చుట్లు తిప్పాక పెట్టండి. విప్పినప్పుడు గీతని కూడా చూడండి. చుక్క ఎవరు పెట్టినా సరే.

ఇంత ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆరేళ్ళు రొప్పుతున్న బండిని దాని తత్వమే అంతనుకుని నడిపిన పాటల మాస్టారికి మరీ మరీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీ కారు మళ్ళీ బెల్టు మార్పుకి వచ్చింది. మీరు అనుమతిస్తే, ఈ సభ అయ్యాక, ఈ కుర్చీలు తీసేలోపే, ఆ పని టార్చి చేస్తుంది.

అమ్మాయ్, ఆ రోజు నువ్వడిగిన పది నిమిషాలు ఇవాళ ఇస్తున్నాను. ఇన్నేళ్ళూ నీకు ఆ పేరు పెట్టి నవ్వాం గానీ, పక్కన నిలబడి వెలుతురు చూపించేవాళ్ళు ఒక్కరూ లేకే నువ్వు దాన్ని నోట్లో పెట్టుకున్నావని ఎవరికీ తోచలేదు. ఇవాళ టార్చి నేను పట్టుకుంటాను. ఎటు చూపించమంటే అటు చూపిస్తాను. నువ్వు ముగించాకే నేను గేటు దాటుతాను.

మీ అందరి దగ్గరా సెలవు.